బెంగళూరు ఇంటి పూలతోట: సీజన్ పూలా, ఏళ్ల తరబడి పూసే మొక్కలా?

లాల్‌బాగ్ ఫ్లవర్ షో చూసి వచ్చాక నాలుగు పెటూనియా కుండీలు తెచ్చుకోవాలని ఎవరికైనా మనసు లాగుతుంది. అక్కడ మనం చూసేవి చాలావరకు సీజన్ పూలు. షో నాటికి విచ్చేలా వాటిని ముందే వేరేచోట పెంచుతారు. ఇంట్లో మనకు ఆ వెసులుబాటు ఉండదు. పూత అయిపోయాక ఖాళీ కుండీలే మిగులుతాయి. మందారం, నందివర్ధనం, నూరువరహాలు అలా కాదు, నాటితే ఏళ్లపాటు ఉంటాయి.

ముందు ఎండ చూసుకోండి. థర్టీ-ఫార్టీ (30×40 అడుగుల) సైటు ఇళ్లలో పక్కింటి మేడ నీడ సగం రోజు మన గేటు మీదే ఉంటుంది. ఐదారు గంటల ఎండ లేకపోతే బంతి, పెటూనియా, గులాబీ ఆకులతోనే సరిపెడతాయి. నందివర్ధనం, కనకాంబరం మాత్రం కొంత నీడలోనూ నెట్టుకొస్తాయి.

రంగుల హంగులో సీజన్ పూలదే పైచేయి, ఒప్పుకోవాల్సిందే. సంక్రాంతికి బంతిపూలు కావాలంటే నవంబరు మొదట్లో నారు పోయాలి. మొక్క జానెడు ఎదిగాక చిగురు తుంచేయాలి. పచ్చగా ఎదుగుతున్న మొక్కను గిల్లడానికి చాలామందికి చెయ్యి రాదు. గిల్లితేనే పక్క కొమ్మలు వేసి గుబురుగా పూస్తుంది, లేకపోతే పొడుగ్గా పోయి ఒరిగిపోతుంది. పెటూనియాకు వాన పడదు, రేకులు తడిసి ముద్దవుతాయి. వానలు తగ్గాక నాటితేనే అందం.

ఇక నీళ్లు. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు తాగునీటిని మొక్కలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి ప్రకటించింది. చిన్న కుండీల్లోని సీజన్ పూలకు ఎండాకాలం రోజూ నీళ్లు పడాల్సిందే. నేలలో కుదురుకున్న కాగితం పూల మొక్క అయితే నీళ్లు కాస్త తగ్గితేనే విరగబూస్తుంది!

ఏళ్ల తరబడి ఉండేవాటికి బాధలు లేవని కాదు. మందారం మొగ్గల దగ్గర దూదిలా తెల్లగా, పక్కనే చీమల బారు కనిపిస్తే అది పిండినల్లి. పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి, లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. గులాబీ కూడా ఈ కోవదే గానీ చాకిరీ ఎక్కువ. వానాకాలం ఆకులకు నల్లమచ్చలు, ఏటా కత్తిరింపులు. తీరిక లేనివాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు ఏళ్ల తరబడి పూసే మొక్కలకే. వెనక నందివర్ధనం వేస్తే ఆ తెలుపు ముందు ఏ రంగైనా నప్పుతుంది. ముచ్చట తీరాలంటే ముందు ఒక్క వరుస బంతి చాలు. మందారాల మధ్య మాత్రం మూడడుగులైనా వదలండి, నర్సరీలో చిన్నగా కనిపించిన మొక్క రెండేళ్లలో దారికి అడ్డం వస్తుంది.