మసక గెలాక్సీల వేటకు 8 అంగుళాల డాబ్సోనియన్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఈ టెలిస్కోపు (8 అంగుళాల వెడల్పు అద్దం, కింద చేత్తో తిప్పుకునే బేస్ ఉండే రకం) కొనాలా వద్దా అని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది ఒక్కటే: మీకు చీకటి అందుబాటులో ఉందా? శని వలయాలకైతే హైదరాబాద్‌లో మా మేడ చాలు. గెలాక్సీల సంగతి వేరు. మేడ మీంచి ఆండ్రోమెడా గెలాక్సీ ఒక మసక ముద్ద, అంతే. అదే గొట్టాన్ని అచ్చంపేట దగ్గర అత్తగారింటి పెరట్లో పెడితే ఆ ముద్ద ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) అంచులు దాటి పరుచుకుంటుంది. పక్కనే దాని చిన్న తోడు గెలాక్సీలు ఎం32, ఎం110 కూడా తేలతాయి.

ప్రకాశం అంకెల్ని (అంకె ఎంత చిన్నదైతే వెలుగు అంత ఎక్కువ) మాత్రం గుడ్డిగా నమ్మకండి. ఎం33 గెలాక్సీది 5.7 అంటే సులువే అనిపిస్తుంది. కానీ ఆ వెలుగంతా నిండు చందమామకు రెండింతల పొడవున పలచబడి ఉంటుంది కాబట్టి నగరంలో ఆనవాలు కూడా దొరకదు. అంకె 8 దగ్గర ఉండే సాంబ్రెరో గెలాక్సీ చిన్నది, చిక్కనిది. అదే ముందు దొరుకుతుంది.

25 మి.మీ. ఐపీస్‌తో (48 రెట్లు) వెతికి, 10 మి.మీ.కి (120 రెట్లు) మారతాను. వెనక ఆకాశం నల్లబడి గెలాక్సీ విడిగా తేలుతుంది. ఇక్కడ పనికొచ్చేది ఓరచూపే. మసక వెలుగును పట్టే కణాలు కంటి నడిమధ్యలో ఉండవు, కాస్త పక్కన ఉంటాయి. అరగంట చీకట్లో కూర్చుని, కొంచెం పక్కకు చూస్తూ ఓపిక పడితే సాంబ్రెరో నడుమ సన్నటి నల్లగీత వచ్చి పోతూ ఉంటుంది. ఫొటోల్లోని రంగులు ఊహించుకొచ్చిన మా బావమరిది మాత్రం, "వేలిముద్ర పడినట్టుంది, తుడువు బావా" అన్నాడు. ఆ వేలిముద్ర దాదాపు 3 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది మరి!

మనకో అదృష్టం ఉంది. సెంటారస్ ఎ అనే గెలాక్సీ లండన్‌లో అసలు ఉదయించదు. మన పెరట్లోంచి వేసవి రాత్రుల్లో దక్షిణాన 30 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, మధ్యలో నల్లపట్టీతో సహా. కన్యారాశి గెలాక్సీల గుంపులోని ఎం84, ఎం86 అయితే దాదాపు నడినెత్తి మీదికే వస్తాయి. చూడ్డానికి అంతకంటే మంచి చోటు లేదు గానీ డాబ్సోనియన్‌కు అదే గండం. గొట్టం నిటారుగా నిలబడ్డాక పక్కకు తిప్పాలంటే పట్టు దొరకదు, బేస్ మొత్తం మొరాయిస్తుంది. అవి నడినెత్తికి రాకముందే, లేదా దాటిపోయాకో చూడ్డం మేలు.

బరువు 20 కిలోల పైమాటే. గతుకుల రోడ్డు మీద కారులో తీసుకెళ్తే అద్దాల అమరిక తప్పుతుంది, దిగగానే సరిచేసుకోవాలి. వానాకాలమంతా గొట్టానికి రెండు వైపులా మూతలు పెట్టి, లోపల సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచుతాను.

నెబ్యులా ఫిల్టర్ (వాయుమేఘాల వెలుగును వదిలి మిగతా రంగుల్ని ఆపేది) గెలాక్సీల కోసమైతే కొనకండి. గెలాక్సీ వెలుగు నక్షత్రాలది, అన్ని రంగుల్లోనూ ఉంటుంది. ఫిల్టర్ ఆకాశంతో పాటు దాన్నీ కోసేస్తుంది. ఆ డబ్బుతో 90 డిగ్రీల ఫైండర్ (పక్క నుంచి చూస్తూ గురి పెట్టుకునే చిన్న దుర్బిణి) తీసుకోండి, నడినెత్తి వైపు వెతికేటప్పుడు మెడ విరుచుకునే బాధ తప్పుతుంది.