చుట్టాలమని చెప్పమన్న ఇళ్లు: రోజువారీ అద్దెలపై ఎనిమిదేళ్ల అనుభవం

మాది డాలస్‌లో ఉంటున్న తెలుగు కుటుంబం. 2016 నుంచి 2024 వరకు ఏ ఊరు వెళ్లినా హోటల్ గదికి బదులు యాప్‌లో రోజువారీ అద్దెకు దొరికే ఇంట్లోనే ఎక్కువగా దిగాము. వంటగది ఉండటం, అత్తగారికి విడిగా గది దొరకడం నిజంగా పెద్ద వెసులుబాటు. శుభ్రత విషయంలోనూ నాకు పెద్దగా ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదంతా అబద్ధం గురించే. 2018 వేసవిలో న్యూయార్క్‌లోని మన్‌హట్టన్‌లో ఒక ఫ్లాట్ తీసుకున్నాము. డబ్బు కట్టిన తరువాత యజమాని నుంచి సందేశం వచ్చింది: కింద ఎవరైనా అడిగితే తన స్నేహితులమని చెప్పాలి, యాప్ పేరు ఎత్తకూడదు. మూడు లేదా అంతకంటే ఎక్కువ వాటాలున్న భవనంలో, యజమాని అక్కడ లేకుండా ఇల్లంతా 30 రోజుల లోపు అద్దెకు ఇవ్వడం ఆ నగరంలో 2011 నుంచే చట్టవిరుద్ధమని నాకు అప్పుడే తెలిసింది. లిఫ్టులో ఒక పెద్దావిడ ఆప్యాయంగా పలకరిస్తే, పదేళ్ల మా అబ్బాయి మేము నేర్పిన మాటే చెప్పాడు. ఆ క్షణం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. యాప్ సంస్థను అడిగితే, స్థానిక చట్టాలు పాటించే బాధ్యత యజమానిదేనని జవాబిచ్చింది. తన రుసుము మాత్రం అది ముందే తీసుకుంది.

2023 సెప్టెంబరు 5 నుంచి న్యూయార్క్‌లో నగర ప్రభుత్వం వద్ద నమోదు లేని ఇళ్ల రోజువారీ బుకింగ్ ఆగిపోయింది. యజమాని ఇంట్లోనే ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. ఐదుగురం ప్రయాణించే మాకు ఇది నష్టమే అయినా, అద్దె ఇల్లు దొరకక అల్లాడే ఆ నగరవాసుల పక్షాన చూస్తే ఇది న్యాయమైన నిబంధన అని నమ్ముతున్నాను.

అదే ఏడాది చివర హైదరాబాద్ గచ్చిబౌలిలోనూ ఇదే తంతు. రోజువారీ అద్దెలను అపార్ట్‌మెంట్ సంఘం నిషేధించిందట. గేటు దగ్గర చుట్టాలమని రాయించమన్నారు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు దిగితే 24 గంటల్లో వారి బస వివరాలు ప్రభుత్వానికి తెలిపే ఫారం సి దాఖలు చేయవలసిన యజమాని, మా పిల్లల పాస్‌పోర్టులు చూడనైనా లేదు. మేమే గుర్తుచేసినా అక్కర్లేదన్నారు.

మా తప్పూ ఒకటి ఉంది. ఓర్లాండోలో నలుగురికని తీసుకున్న ఇంట్లో ఆరుగురం ఉన్నాము. తిరిగొచ్చాక ఆ సంగతి యజమానికి రాసి, తేడా సొమ్ము చెల్లించాను.

ఇప్పుడు డబ్బు కట్టేముందే నమోదు సంఖ్య, సంఘం అనుమతి గురించి అడుగుతున్నాను. జవాబు దాటవేస్తే ఆ ఇల్లు వదిలేస్తున్నాను. యజమాని కూడా ఉండే ఇళ్లకు ఐదుకు ఐదు ఇస్తాను. ఎవరూ నివసించని, అద్దె కోసమే నడిపే ఫ్లాట్లకు రెండు దాటి ఇవ్వలేను.