ప్రోగ్రెస్ కార్డు నుంచి వాయిస్ మెసేజ్ దాకా: మా చిన్న బళ్లో ఏళ్లుగా వాడి చూశాక

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు. ఆదోనిలో బస్సు దిగి ఇంకో ఆటో ఎక్కితే గానీ రాని ఊరు. ఐదు తరగతులకు ఇద్దరం టీచర్లం. మెగా డీఎస్సీలో కొత్తగా వచ్చినవాళ్లు, పిల్లల ప్రగతి ఇంట్లోవాళ్లకు ఎట్లా చెప్తారు సార్ అని తరచూ అడుగుతున్నారు. ప్రభుత్వం ఇచ్చినవీ మేం సొంతంగా తగిలించుకున్నవీ చాలా ఏళ్లుగా వాడుతున్నా కాబట్టి ఏది పనిచేసిందో ఏది చేయలేదో రాస్తున్నా.

ముందు ప్రోగ్రెస్ కార్డు సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో నిరంతర సమగ్ర మూల్యాంకనం అని ఉంది, మన ఎఫ్ఏలు (మధ్యమధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షలు), ఎస్ఏలు (టర్ము చివర పెట్టే సమ్మేటివ్ పరీక్షలు) అక్కడి నుంచి వచ్చినవే. ఆలోచన నాకు ఇప్పటికీ నచ్చుతుంది. ఎఫ్ఏకి 50 మార్కులు పెట్టి మొదట్లో వాటిని నాలుగు ముక్కలు చేశారు. పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 10, రాత పనులకు 10, ప్రాజెక్టుకు 10, స్లిప్ టెస్ట్ అనే చిన్న రాత పరీక్షకు 20. జరిగిందేమిటంటే మొదటి మూడింట్లో అందరికీ ఎనిమిదో తొమ్మిదో పడేవి. ప్రాజెక్టు అక్క గీసిందో నెట్ సెంటర్లో ప్రింటు తీసిందో అయి ఉండేది, మార్కు వేయకపోతే పిల్లోడు ఏడ్చేవాడు, వేస్తే దానికి అర్థం లేదు. పిల్లోడి అసలు సంగతి స్లిప్ టెస్ట్‌లోనే కొంచెం బయటపడేది. ఒకడికి పై ముప్పైకి 26, స్లిప్ టెస్ట్‌లో 20కి 6 వచ్చాయనుకోండి, మొత్తం 32, అంటే 64 శాతం. మా కార్డు లెక్కలో అది బీ గ్రేడు. వాళ్ల నాయన ఆ బీ చూసి "పర్వాలేదు కదా సార్" అని సంతకం పెట్టేసి పోతాడు. పిల్లోడికేమో ఒత్తులున్న ఒక్క మాట కూడా చదవడం రాదు. కార్డులో అబద్ధమేమీ లేదు, కానీ చెప్పాల్సిన సంగతీ లేదు.

పైగా పక్క ఊరి నుంచి పసుపు బస్సు వస్తుంది. ఆ ప్రైవేటు బడి కార్డుల్లో 95కి తక్కువ ఎవరికీ ఉండదు. ఇక మన బీకి విలువేముంటుంది?

2022-23లో ఎఫ్ఏ1 స్థానంలో సీబీఏ (క్లాస్‌రూం బేస్డ్ అసెస్‌మెంట్) అని, జవాబు గడి నింపితే మెషీను దిద్దే ఓఎంఆర్ పరీక్ష తెచ్చారు. ఏ ప్రశ్న ఎవరికి రాలేదో విడిగా తెలియాలన్న ఉద్దేశం మంచిదే. అయితే ఆ సంగతి నేను పేపరు దిద్దుతుండగానే తెలిస్తే మరుసటి రోజే పాఠం మార్చుకుంటా, ఎక్కడో స్కాన్ అయి తిరిగొచ్చేసరికి ఆ పాఠం దాటి పోయేవాళ్లం. రెండో తరగతి పిల్లలకు గడి నింపడం నేర్పడమే ఒక పాఠమైంది. యాప్‌లో మార్కుల ఎంట్రీ గురించి ఎక్కువ చెప్పను. సాయంత్రం సిగ్నల్ కోసం మిద్దె ఎక్కే టీచర్లందరికీ తెలిసిందే.

సర్కారు ఇచ్చినవాటిలో నాకు నచ్చింది 2025-26లో వచ్చిన అసెస్‌మెంట్ పుస్తకం. పరీక్షలన్నీ ఒకే పుస్తకంలో రాయిస్తాం కాబట్టి ఎఫ్ఏ1లో వాడి చేతిరాత, ఎఫ్ఏ2లో వాడి చేతిరాత ఒకే చోట కనబడతాయి. చదువు రాని తల్లికి కూడా పేజీ తిప్పి చూపించొచ్చు, "ఇక్కడ గీతలే ఉండె, ఇక్కడ చూడమ్మా అక్షరాలొచ్చినాయి" అని. గ్రేడుతో ఆ పని కాదు.

అసలు విలువంతా మార్కులో లేదు, తప్పు ఏ తరహాదో కనిపెట్టడంలో ఉంది. 52లో 27 తీసెయ్ అంటే కొందరు 35 రాస్తారు. అది అజాగ్రత్త కాదు, పైనున్నా కిందున్నా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నారు. వాళ్లకు ఇంకో ఇరవై లెక్కలిచ్చినా అదే తప్పు ఇరవై సార్లు చేస్తారు. పుల్లల కట్ట విప్పి పదిని ఒకట్లుగా మార్చి చూపిస్తేగానీ దారిలో పడరు. మూడు వందల నాలుగును 3004 అని రాసేవాళ్లది ఇంకో తరహా, విన్నదాన్ని విన్నట్టు రాసేస్తారు, స్థాన విలువ ఇంకా పట్టుబడలేదన్నమాట. కర్ణాటక సరిహద్దు కాబట్టి మా వైపు ఇంకో తమాషా ఉంది. ఇంట్లో అన్నలు కన్నడ మీడియంలో చదివితే తమ్ముడి తలకట్టు కూడా కన్నడ తీరులోనే వస్తుంది. దానికి మార్కు కోసేస్తే వాడికీ వాళ్ల అమ్మకూ ఏం తెలుస్తుంది?

అందుకే కార్డు వెనకవైపు మూడు వాక్యాలు రాయడం మొదలుపెట్టాం: ఇప్పుడేం వచ్చు, ఏం రాలేదు, ఇంట్లో ఏం చేయొచ్చు. "గుణింతాలు చదువుతుంది. ఒత్తుల దగ్గర ఆగుతోంది. రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒక పేజీ పెద్దగా చదివించండి, తప్పులు దిద్దకపోయినా సరే, వింటే చాలు." ఏం వచ్చో చూడ్డానికి, ఊళ్లలో పిల్లల చదువు మీద సర్వే చేసే అసర్ (ASER) వాళ్ల చదువు పరీక్ష వాడతా. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, నాలుగే మెట్లు, తెలుగులో ఉచితంగా దొరుకుతుంది. ఒక్కో పిల్లోడికి కొద్ది నిమిషాలు చాలు, ఐదో తరగతిలో కూర్చుని పేరా దగ్గరే ఆగిపోయినవాడు వెంటనే తెలిసిపోతాడు.

అన్నిటికంటే బాగా పనిచేసింది మాత్రం వాట్సాప్ వాయిస్ మెసేజ్. మా మండలాల్లో పత్తి పని అయిపోగానే సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు పోతారు, గుంటూరు వైపు మిరప కోతలకు, కొందరు పిల్లల్ని వెంటేసుకుని, కొందరు అవ్వ తాతల దగ్గర వదిలి. తిరిగొచ్చేది ఉగాది ముందర. మొదటి మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ 2024 డిసెంబర్ 7న జరిగింది. రాష్ట్రమంతా పండగలా చేశారు, మా దగ్గర మాత్రం చాలా ఇళ్లకు అప్పటికే తాళాలు. కుర్చీల్లో అవ్వలే ఎక్కువ కూర్చున్నారు. మరుసటి ఏడాది జూలై 10న పెట్టారు, ముఖ్యమంత్రి శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువుకు వచ్చిన మీటింగ్ అదే. మా వైపు వాళ్లకు ఆ తేదీ నయం, విత్తనం పనులున్నా మనుషులు ఊళ్లోనే ఉంటారు.

సుగ్గికి పోయినవాళ్లకు ఏ కార్డు చేరుతుంది? కాబట్టి పిల్ల చదువుతుండగా రికార్డు చేసి వాళ్ల అమ్మకో నాయనకో పంపుతాను, జూలైలో ఒకటి, డిసెంబర్లో ఒకటి, పరీక్షల ముందు ఇంకొకటి. వెనకాల నా గొంతుతో రెండు మాటలు. మిరప చేలో పని ఆపుకుని ఫోన్ చుట్టూ కూడి విన్నారంట, ఒకామె తిరుగు మెసేజ్‌లో "నా కూతురేనా సార్ ఇది" అని అడిగింది. ఏ గ్రేడుకూ ఇలాంటి జవాబు రాలేదు నాకు.

లోపాలు లేవనను. ఫోన్ పగలంతా నాయన దగ్గరే ఉంటుంది, రీచార్జ్ అయిపోతే మెసేజ్ వారాల తరబడి ఒక్క టిక్కు మీదే నిలబడిపోతుంది. కొన్ని ఇళ్లలో నంబరే మారిపోతుంది. గ్రూపులో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, మార్కుల లిస్టు గ్రూపులో పెట్టే బళ్లను చూశా, ఆ రాత్రి ఏ ఇంట్లో ఎవరికి దెబ్బలు పడతాయో మనకు తెలియదు. విడిగానే పంపాలి. అదీ ముందు పిల్లకు వినిపించి, "పంపనా?" అని అడిగాకే. ఒప్పుకోకపోతే ఇంకో రోజు మళ్లీ చదివిస్తా. బాగా చదివిన పేరాతో పాటు తడబడిన చోటు కూడా ఉండనిస్తా, లేకపోతే ఇదీ ఆ 95 శాతం కార్డులాగే తయారవుతుంది.

టైం తింటుందా అంటే, తింటుంది. ఇరవై ముప్పై మంది ఉన్న బడికి సరిపోతుంది. అరవై మందిని ఒక్కరే చూసుకునేచోట అందరికీ చేయలేరు, అక్కడ అక్షరాలు, మాటల దగ్గర ఆగినవాళ్లకు, సుగ్గి ఇళ్లవాళ్లకు చేస్తే చాలు, మిగతావాళ్లకు మూడు వాక్యాలు రాయండి. రికార్డింగ్ నిమిషం దాటనివ్వకండి, డేటా అయిపోతుందని సగంలోనే ఆపేస్తారు. నంబర్లు దసరా సెలవులకు ముందే ఇంకోసారి సరిచూసుకోండి, సుగ్గికి బయల్దేరాక అడిగితే ఊళ్లో చెప్పేవాళ్లు ఉండరు.