గోపాలపూర్ యాత్రలో పేస్ట్రీ దుకాణం మిగిల్చిన నిరాశ

ఒడిశాలోని బరంపురంలో దిగి చుట్టుపక్కల చూడదలచినవారికి తారాతారిణి అమ్మవార్ల కొండ, గోపాలపూర్ తీరం ఒకే రోజులో తీరికగా కుదురుతాయి. కార్తీక మాసంలో, పౌర్ణమికి ముందు రోజుల్లో, శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అత్తయ్యగారి కుటుంబాన్ని ఆ విధంగానే తిప్పాము. ఋషికుల్య ఒడ్డున ఉన్న తారాతారిణికి 999 మెట్లు ఉన్నా, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు రోప్‌వేలో హాయిగా పైకి చేరవచ్చు. రద్దీ ఉన్నప్పటికీ అక్కడి వరుస సక్రమంగానే సాగింది. గోపాలపూర్‌లో మేము దిగిన లాడ్జి పాతది, గోడలకు ఉప్పుగాలి చెమ్మ పట్టి ఉంది. అయినా దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, తెల్లవారుజామున స్నానానికి అడిగిన వెంటనే వేడినీళ్లు బకెట్లతో తెచ్చి ఇచ్చారు. ఇచ్చిన డబ్బుకు అది న్యాయమైన బస అని నా అభిప్రాయం.

నిరాశపరిచింది మాత్రం బీచికి చేరువలో ఉన్న పేస్ట్రీ దుకాణం. బెంగాల్ నుంచీ ఆంధ్ర నుంచీ వచ్చే యాత్రికులు సాయంత్రమైతే అక్కడే గుమిగూడుతారు. మా లాడ్జివారు కూడా మొదట దాని పేరే చెప్పారు. రద్దీని నేను తప్పు పట్టను. పండుగ రోజుల్లో అరగంట నిలబడటం ఎవరికైనా తప్పదు. అయితే అంతసేపు నిలబడి కౌంటరు దగ్గరకు చేరిన మనిషి అడిగిన ప్రశ్నకు సమాధానం దక్కాలి కదా.

అత్తయ్యగారు కార్తీక మాసమంతా గుడ్డు ముట్టరు. "బాబూ, ఇందులో గుడ్డు కలిసిందా?" అని ఆమె ఎంతో మర్యాదగా అడిగితే, కౌంటరు దగ్గరి అబ్బాయి తలెత్తకుండానే "అన్నీ ఒకటేనమ్మా, తీసుకోండి" అన్నాడు. నేను గట్టిగా అడిగిన తరువాతే ఒక ట్రేను చూపించి అది ఎగ్‌లెస్ అన్నాడు. ఆ ముక్కను తీయడానికి వాడింది మాత్రం అంతకుముందు గుడ్డు కేకులు తీసిన పట్టకారునే. కార్తీక పౌర్ణమితో ముగిసే పంచుక అయిదు రోజులూ రోజూ చేప వండుకునే ఒడియా ఇళ్లలో సైతం నీచు ముట్టని ఈ జిల్లాలో, ఆ ప్రశ్నకు ఎంత బరువుందో దుకాణంవారికి ఎవరూ చెప్పనవసరం లేదు. గుడ్డు కలిసిన ప్యాకెట్ ఆహారంపై మాంసాహార గుర్తు ఉండాలని నిబంధన ఉండగా, అక్కడ ముందే కట్టి ఉంచిన కేకుల పెట్టెలపై ఏ గుర్తూ కనిపించలేదు.

పిల్లల కోసం తీసుకున్న పేస్ట్రీల సంగతి మరీ బాధ కలిగించింది. గాజు అల్మరా తలుపు మూసే నాథుడు లేక లోపలంతా ఆవిరి పట్టి ఉంది. మా చేతికి వచ్చిన ముక్కపై క్రీమ్ అంచులు ఎండి పసుపు రంగుకు తిరిగి పగుళ్లిచ్చాయి, అడుగున కాగితం తడిసి కేకుకు అంటుకుపోయింది, నోట పెట్టగానే పులుపు తెలిసింది. క్రీమ్ పేస్ట్రీని ఎప్పుడూ చల్లగా ఉంచాలి. సముద్రపు తేమలో తలుపు తెరిచి ఉంచితే అది పాడవడానికి ఎంతోసేపు పట్టదు. ముక్కను వెనక్కు తీసుకువెళ్లి చూపిస్తే, అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదన్న బోర్డును వేలితో చూపించారు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కు తీసుకోకపోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బోర్డు పెట్టినంత మాత్రాన ఆ బాధ్యత తొలగిపోదు. మాకు బిల్లు కూడా అడిగితేనే ఇచ్చారు. డ్రైకేకును అట్టపెట్టెతో కలిపి తూచబోతే మా మామయ్యగారు ఆపి, పెట్టె తీయించి మళ్లీ తూయించారు.

ఒకసారి వచ్చి వెళ్లిపోయే యాత్రికుడు తిరిగి వచ్చి అడగడన్న ధీమాతోనే ఇదంతా జరుగుతోందని నేను అనుకుంటున్నాను. దూరం నుంచి పిల్లాపాపలతో వచ్చినవారి నమ్మకాన్ని ఇంత చులకనగా చూడటం నాకు చాలా కష్టంగా తోచింది.

మరునాడు బరంపురంలో ఒక చిన్న మిఠాయి దుకాణంలో ఛెనాపోడో తీసుకున్నాము. పాలను విరగ్గొట్టి తీసిన ఛెనా, పంచదార, కొద్దిగా రవ్వ, యాలకులు కలిపి, సాల ఆకుల్లో చుట్టి కాల్చే ఈ మిఠాయిలో గుడ్డు ప్రసక్తే లేదు; అంచు ముదురు గోధుమ రంగులో కమ్మగా, లోపల మెత్తగా ఉంది. మేము అడగకముందే దుకాణదారు, అది ఆ ఉదయం కాల్చినదని, ఎల్లుండి దాటి ఉంచవద్దని అత్తయ్యగారికి చెప్పారు. విడిగా అమ్మే మిఠాయిల ట్రేపై ఏ తేదీలోగా తినాలో రాయాలన్న నిబంధన 2020 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. ఆయన సుద్దముక్కతో పలకపై రాసి పెట్టారు.

గోపాలపూర్ వెళ్లేవారు తీరాన్ని, దీపస్తంభాన్ని తప్పక చూడండి. క్రీమ్ పేస్ట్రీ కొనదలిస్తే ముందుగా అల్మరా తలుపు మూసి ఉందో లేదో గమనించి, గుడ్డు సంగతి తేల్చుకుని, బిల్లు చేతికి వచ్చాకే డబ్బు చెల్లించండి. దుకాణంవారు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. మా బిల్లుతో నేను ఆ పని చేశాను.