పాత కారులో డ్రైవ్‌షాఫ్ట్ జాయింట్ల చప్పుడు: ఆరేళ్లలో రెండు మరమ్మతుల తర్వాత

నా కారు వయసు పద్దెనిమిదేళ్లు. ముందు చక్రాలతో నడిచే రకం, గేర్లు చేత్తో మార్చేది, ఇప్పటికి 2,10,000 కిలోమీటర్లు తిరిగింది. గత ఆరేళ్లలో దాని ఎడమ డ్రైవ్‌షాఫ్టును (గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే ఇరుసును) రెండుసార్లు విప్పవలసి వచ్చింది. మొదటిసారి అసలు షాఫ్టును తీసేసి, విడిభాగాల మార్కెట్లో దొరికే పూర్తి షాఫ్టు వేయించి నాలుగేళ్లలో 46,000 కిలోమీటర్లు నడిపాను. రెండోసారి ఆ కొత్తదాన్ని తీసేసి, అదృష్టవశాత్తు పారేయకుండా దాచిన అసలు షాఫ్టుకే బయటి జాయింటు, రెండు బూట్లు (జాయింట్ల మీద గ్రీజును పట్టి ఉంచే రబ్బరు తొడుగులు), గ్రీజు మార్చి బిగించి, రెండేళ్లలో 21,000 కిలోమీటర్లు తిరిగాను. ఈ రెండింటిలో రెండోదే నాకు నచ్చింది. అయితే ఆ మాట చెప్పే ముందు చప్పుడును గుర్తించే పద్ధతి గురించి చెప్పాలి, ఎందుకంటే నేను పొరపడింది అక్కడే.

షాఫ్టుకు రెండు చివరలా రెండు జాయింట్లు ఉంటాయి. చక్రం వైపు ఉండే బయటి జాయింటులో లోపలి రింగుకూ బయటి గిన్నెకూ మధ్య గాడుల్లో సాధారణంగా ఆరు ఉక్కు గోళీలు తిరుగుతుంటాయి. స్టీరింగును పూర్తిగా తిప్పినప్పుడు 45 డిగ్రీల దాకా వంగవలసింది ఇదే కాబట్టి అరుగుదల ఎక్కువగా ఇక్కడే కనిపిస్తుంది. గేర్‌బాక్స్ వైపు ఉండే లోపలి జాయింటు నా కారులో మూడు రోలర్ల రకం. అది అంతగా వంగదు గానీ, చక్రం గుంతల్లో పైకీ కిందికీ ఊగినప్పుడు షాఫ్టు పొడవు సర్దుబాటు కావడానికి లోపలికీ బయటికీ జారుతుంది. రెండు జాయింట్ల పని వేరు కాబట్టి అవి చేసే అల్లరి కూడా వేరు. ఈ తేడా తెలియకుండా శబ్దం వినగానే మొత్తం షాఫ్టు మార్చడం నేను చేసిన మొదటి తప్పు.

ఆరేళ్ల కిందట మొదలైన చప్పుడు పాఠం చెప్పినంత స్పష్టంగా ఉండేది. స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా మలుపు తీసుకుంటూ యాక్సిలరేటరు తొక్కితే టక్ టక్ టక్ మని వచ్చేది. కాలు తీస్తే తగ్గేది. స్టీరింగు నేరుగా పెడితే ఆగిపోయేది. ఆ టకటకల వేగం చక్రం వేగంతో మారేదే తప్ప ఇంజిన్ వేగంతో మారేది కాదు. దీన్ని తేల్చుకోవడానికి ఒకే వేగంలో మొదటి గేరులో ఒకసారి, రెండో గేరులో ఒకసారి అదే మలుపు తిరిగాను: ఇంజిన్ చుట్లు మారినా టకటకల లెక్క మారలేదు. టైరు చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లు కాబట్టి, గంటకు 10 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది. చప్పుడును ఈ లయతో పోల్చి చూస్తే అది చక్రంతో పాటు తిరిగే భాగానిదో కాదో తెలిసిపోతుంది. (ఒకసారి ఇదే లయతో వచ్చిన టకటకకు కారణం టైరు గాడిలో ఇరుక్కున్న గులకరాయి. షాఫ్టు దాకా వెళ్లే ముందు టైర్లు చూడడం అప్పటి నుంచి అలవాటైంది.)

ఏ వైపు జాయింటు అన్నది తేల్చడమే కష్టం. కుడికి తిరిగితే చప్పుడు వస్తే ఎడమ జాయింటు పాడైనట్టు అని చాలామంది చెబుతారు. మలుపులో బరువు బయటి చక్రం మీద పడుతుంది కాబట్టి అందులో నిజం ఉంది. కానీ మలుపు లోపలి చక్రం బయటిదాని కంటే ఎక్కువ కోణంలో వంగుతుంది, అందువల్ల ఆ చక్రం జాయింటు కూడా మూలగవచ్చు. ఈ సూత్రాన్ని నేను ఒక సూచనగా మాత్రమే తీసుకుంటాను. దాని కంటే నమ్మదగింది బూటు. స్టీరింగును ఒక వైపుకు పూర్తిగా తిప్పి టార్చి వేసి చూస్తే మడతల లోపలి చీలికలు తెరుచుకుంటాయి. చీలిక ఉన్న చోట చక్రం లోపలి అంచు మీద గ్రీజు చిమ్మిన మరక వలయంగా కనిపిస్తుంది. నా ఎడమ బూటు అలాగే చిరిగి ఉంది. కారిన గ్రీజును రెండు వేళ్ల మధ్య రుద్దితే ఇసుక తగిలింది. ఇసుక చేరిన జాయింటుకు కొత్త గ్రీజు పెట్టినా అరిగిన గాడి తిరిగి నిండదు.

చేత్తో చూసే పరీక్షలో ఒక జాగ్రత్త ఉంది. కారును జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, షాఫ్టును పట్టుకుని కదిపితే లోపలి జాయింటు వద్ద అది కొద్దిగా లోపలికీ బయటికీ జరుగుతుంది. అది దాని స్వభావం, లోపం కాదు. బయటి జాయింటు వద్ద షాఫ్టు పైకీ కిందికీ ఆడితేనే అనుమానించాలి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా ఇంజినుతో తిప్పి వినడం మాత్రం నేను మానేశాను: అప్పుడు సస్పెన్షన్ పూర్తిగా కిందికి జారి, జాయింట్లు రోడ్డు మీద ఎన్నడూ వంగనంతగా వంగి, బాగున్నవి కూడా చప్పుడు చేస్తాయి. పైగా తిరిగే చక్రం దగ్గర తల పెట్టడం ప్రమాదం.

ఇన్ని లక్షణాలు చూశాక చెడిందల్లా బయటి జాయింటే అని నాకు అర్థమై ఉండవలసింది. మెకానిక్ పూర్తి షాఫ్టు వేస్తే పని తొందరగా అయిపోతుందన్నారు, నేను సరేనన్నాను. టకటక ఆ రోజే పోయింది. కొత్త షాఫ్టు బయటి జాయింటు గురించి నాలుగేళ్లలో ఒక్క ఫిర్యాదు కూడా లేదు.

ఇబ్బంది లోపలి జాయింటుతో వచ్చింది. సుమారు 15,000 కిలోమీటర్ల తర్వాత, నేరుగా వెళ్తూ గట్టిగా వేగం పెంచినప్పుడు ముందు భాగం అటూ ఇటూ వణకడం మొదలైంది. వెనుక సీట్లో ముగ్గురు కూర్చున్నప్పుడు, ఎత్తు ఎక్కుతున్నప్పుడు వణుకు పెరిగేది. కాలు తీసిన మరుక్షణం ఆగేది. టకటక లేదు కాబట్టి జాయింటు అన్న ఆలోచనే రాలేదు. చక్రాల బ్యాలెన్సింగు చేయించాను, టైర్లు ముందువి వెనక్కి మార్చాను, ఇంజిన్ మౌంటింగు ఒకటి మార్పించాను. ఏడాది ఇలా గడిచింది. బ్యాలెన్సింగు లోపమైతే యాక్సిలరేటరు తొక్కినా తీసినా ఒక వేగం దగ్గర వణుకు ఉండాలి కదా అన్న చిన్న తర్కం నాకు ఆలస్యంగా తట్టింది. వేగం పెంచినప్పుడు కారు ముక్కు పైకి లేస్తుంది, లోపలి జాయింటు కోణం పెరుగుతుంది, బరువంతా మూడు రోలర్ల మీద పడుతుంది. గాడుల్లో రోలర్లు నున్నగా జారకపోతే ప్రతి చుట్టుకూ మూడుసార్లు షాఫ్టు పక్కకు నెడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 28 సార్లు. చేతికి చప్పుడులా కాక వణుకులా తెలియడానికి కారణం ఇదే.

ఈ మధ్యలో చక్రం బేరింగును కూడా అనుమానించాను గనుక ఆ తేడా చెప్పడం అవసరం. బేరింగు మూలుగు వేగంతో పాటు పెరిగే ఒకే స్వరంలా ఉంటుంది, గేరు న్యూట్రల్‌లో పెట్టినా తగ్గదు, ఖాళీ రోడ్డు మీద స్టీరింగును మెల్లగా అటూ ఇటూ తిప్పితే బరువు మారిన వైపును బట్టి పెరిగి తగ్గుతుంది. కారు నిలబడి ఉండగా స్టీరింగు తిప్పితేనే టక్కుమంటే చూడవలసింది స్ట్రట్ (చక్రం మీద స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఉండే భాగం) పైభాగం. ముందుకు, రివర్స్‌కు మారిన ప్రతిసారీ ఒకే ఒక్క టక్కు వినిపిస్తే హబ్ నట్టు (షాఫ్టు చివరను చక్రం మధ్యభాగానికి బిగించే నట్టు) వదులైందేమో ముందు చూడాలి. అదైతే ఆలస్యం చేయదగిన విషయం కాదు.

రెండోసారి పని నేనే దగ్గరుండి చేయించాను. తీసిన కొత్త షాఫ్టు లోపలి గిన్నెను తుడిచి చూస్తే గాడి గోడల మీద రోలర్లు కొట్టిన గుంటలు వేలిగోటికి తగిలాయి. పక్కనే పెట్టిన అసలు షాఫ్టు లోపలి జాయింటు పన్నెండేళ్ల వాడకం తర్వాత కూడా నున్నగా ఉంది, దాని బూటు ఎప్పుడూ చిరగలేదు. అందుకే దాన్ని కడిగి, రోలర్లు ఉన్న వరసలోనే తిరిగి పెట్టి, ఆ రకానికి చెప్పిన గ్రీజు నింపాము. బయటి జాయింటుకు మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన నల్ల గ్రీజు, కిట్టులో వచ్చిన పొట్లం మొత్తం. క్లిప్పు బిగించే ముందు బూటు అంచును సన్నని స్క్రూడ్రైవరుతో ఎత్తి లోపలి గాలి వదిలాము. లేకపోతే బూటు ఉబ్బి మడతలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. హబ్ నట్టు కొత్తది వేసి, కారు మాన్యువల్‌లో చెప్పినంత బిగువుకు టార్క్ రెంచితో బిగించాము. షాఫ్టు ఊడదీసినప్పుడు గేర్‌బాక్స్ ఆయిల్ కొంత కారుతుందని మరిచిపోయి కింద గిన్నె పెట్టకపోవడం ఒక్కటే మేము చేసిన పొరపాటు. నేల కడగడానికి అరగంట పట్టింది.

ఆ రోజు నుంచి వణుకు లేదు. మలుపుల్లో చప్పుడు లేదు. కొత్త షాఫ్టులన్నీ ఇలాగే ఉంటాయని నేను అనను, నాకు దొరికిన ఒక్కటి ఇలా ఉంది. కానీ అసలు షాఫ్టు లోపలి జాయింటు బాగుండగా దాన్ని వదులుకోవద్దని, మెకానిక్ తీసుకెళ్తానన్నా ఇవ్వవద్దని గట్టిగా చెబుతాను. పూర్తి షాఫ్టు గంటన్నర పని, ఇది దాదాపు ఒక పూట. ఇంతకు మించి దీనిలో నాకు కనిపించిన లోటు లేదు.

కుడి వైపు షాఫ్టు ఇంతవరకు విప్పలేదు. గత వారం స్టీరింగు తిప్పి చూస్తే దాని బయటి బూటు మూడో మడతలో వెంట్రుకంత గీత కనిపించింది, గ్రీజు ఇంకా బయటికి రాలేదు. బూటు కిట్టు తెచ్చి పెట్టాను. ఈసారి కింద గిన్నె పెడతాము.