చర్మ క్యాన్సర్ రానివ్వదంటూ అమ్మే మూలికల తైలం: దయచేసి కొనకండి

తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లందరికీ చెప్తున్నాను. ఎండలోకి పోయే ముందు రాసుకుంటే చర్మ క్యాన్సర్ రాదని చెప్పి ఒక మూలికల తైలం అమ్ముతున్నారు. మా ఇంట్లో దాని వల్ల జరిగింది ఇది.

మాకు బంగారుపాళ్యం దగ్గర తోతాపురి తోట ఉంది. కోతలప్పుడు మా నాయన పొద్దంతా ఎండలోనే ఉంటాడు. తిరుపతిలో ఒక అంగడిలో, "పెద్దాయనా, ఇది రాసుకుని పోండి, ఎండ మిమ్మల్నేం చేయదు, పరిశోధనల్లో తేలింది" అని సీసా అంటగట్టారు. బిల్లు ఇవ్వలేదు. నాయన అది రాసుకుని కాయలు దించడానికి పోయాడు. మరుసటి రోజు దాటేసరికి ముంజేతులు, మెడ కమిలిపోయి నీటి బొబ్బలు లేచాయి. చొక్కా చేతులు ఎక్కడిదాకా మడిచాడో సరిగ్గా అక్కడ ఆగింది మంట. చొక్కా కింద కూడా తైలం ఉంది, అక్కడ చర్మానికి ఏమీ కాలేదు.

అది చూసే చర్మ డాక్టరుకు అనుమానం వచ్చి సీసా తెమ్మన్నారు. దాని మీద రాసినవి: పసుపు, ఎర్రచందనం, గ్రీన్ టీ సారం, చివర్లో బావంచాలు అనే గింజలు. అసలు విషయం ఆ చివరి పేరులోనే ఉంది. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలిపోతుంది. నిమ్మరసం పూసుకుని ఎండలోకి పోయినా ఇలాంటిదే జరగొచ్చు. బొల్లికి సోరాలెన్ ఇచ్చేటప్పుడు మందునూ కాంతినీ కొలిచి, డాక్టర్లు దగ్గరుండి ఇస్తారు. ఆ చికిత్స కూడా ఏళ్ల తరబడి ఎక్కువసార్లు తీసుకుంటే చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. క్యాన్సర్ రానివ్వదని అమ్మిన సీసాలో ఉన్నది ఇదీ! నాకు కోపం ఆగడం లేదు.

పరిశోధనలు అనే మాట ఉత్త అబద్ధం కాదు, అందుకే జనం నమ్ముతున్నారు. గ్రీన్ టీలోని పాలీఫినాల్స్, పసుపులోని కర్క్యుమిన్, మిల్క్ థిసిల్ అనే మొక్క గింజల్లోని సిలిమారిన్ మీద ల్యాబుల్లో పని జరిగింది. అతినీలలోహిత కిరణాలకు గురిచేసిన ఎలుకల్లో గడ్డలు తగ్గినట్టు కనిపించింది కూడా. కానీ అది శుద్ధి చేసి, కొలిచి వాడిన పదార్థం. అంగడి తైలానికీ దానికీ సంబంధం లేదు. మనుషులకు చర్మ క్యాన్సర్ రాకుండా ఆపుతుందని రుజువైన మూలికా తైలం ఏదీ లేదు. క్యాన్సర్‌ను నివారిస్తుందని, నయం చేస్తుందని మందులకు ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం.

సీసా మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేకపోతే ముట్టుకోకండి. ఇప్పటికే కొన్నవాళ్లు పారేయకండి, అదే సాక్ష్యం. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు ఇవ్వొచ్చు, డ్రగ్ ఇన్‌స్పెక్టరుకూ రాసివ్వండి.

ఎండకు నిండు చేతుల చొక్కా, తలకు తువ్వాలు, కుదిరితే సన్‌స్క్రీన్ చాలు. మానని పుండు, పాత కాలిన మచ్చ మీద లేచిన పుండు, అరికాల్లోనో గోరు కిందో పెరుగుతున్న నల్లమచ్చ ఉంటే మాత్రం ఏ తైలమూ పూయకుండా తిరుపతి రుయా ఆసుపత్రిలోనో, దగ్గర్లోని చర్మ డాక్టరుకో చూపించండి. నాయన బొబ్బలు మానాయి, నల్లటి మరకలు మాత్రం పోవడానికి నెలలు పడుతుందన్నారు. మీలో ఇంకెవరికైనా ఇలా జరిగితే చెప్పండి, ఫిర్యాదు కలిసి ఇద్దాం.