తొమ్మిదేళ్ల వాడకం తర్వాత: ఎంఎక్స్-5కి బిగించిన బ్రేసులు, సస్పెన్షన్‌లో ఏవి మిగిలాయి, ఏవి ఊడాయి

నాది మజ్దా ఎంఎక్స్-5, టాప్ మడిచే రెండు సీట్ల కారు, రెండో తరం, 1.8 లీటర్ల ఇంజిన్. తొమ్మిదేళ్లలో 70,000 కిలోమీటర్లు దాటించాను. ఎక్కువగా మలుపుల కొండదారుల్లో, ఏడాదికి మూడు నాలుగుసార్లు ట్రాక్ మీద. ఈ తొమ్మిదేళ్లలో దీనికి ముందు స్ట్రట్ బార్ (బానెట్ కింద రెండు సస్పెన్షన్ టవర్లను కలిపే కడ్డీ), కింద ఫ్లోర్ బ్రేస్ (బాడీ మెలిపడకుండా అడుగున బిగించే చట్రం), సీట్ల వెనక రోల్ బార్ (కారు బోల్తా పడితే తలను కాపాడే గొట్టం), రెండు జతల కాయిల్‌ఓవర్లు (ఎత్తు సర్దుకోగల స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన జత), లావు యాంటీ రోల్ బార్లు (మలుపులో కారు పక్కకి వాలడాన్ని తగ్గించే కడ్డీలు), పాలీయురేథేన్ బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలో ఉండే మెత్తలు) బిగించాను. వాటిలో సగం ఇప్పుడు కారు మీద లేవు.

మూత తీసేసిన అట్టపెట్టెను రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పి చూడండి. టాప్ మడిచే ఏ కారు సంగతైనా అంతే. పైకప్పు లేదు కాబట్టి భారమంతా ఫ్లోరూ, తలుపుల కింద పొడవునా ఉండే సిల్సూ మోయాలి. గతుకు తగిలినప్పుడు విండ్‌షీల్డు చట్రం, లోపలి అద్దం, స్టీరింగ్ కాలమ్ సన్నగా వణుకుతాయి. మొదట్లో ఈ వణుకు చూసి షాక్ అబ్జార్బర్లు పోయాయనుకుని కొత్తవి వేయించాను. వణుకు అలాగే ఉంది. అప్పుడు అర్థమైంది, కొలవకుండా ఏదీ కొనకూడదని.

నా పద్ధతి చాలా సులువు. కారును చదునైన నేల మీద పెట్టి, వెనక ఒక మూల మాత్రమే జాకీతో చక్రం గాలిలోకి వచ్చేదాకా లేపుతాను. జాకీకి ముందూ తర్వాతా, అటువైపు తలుపు వెనక అంచుకీ బాడీకీ మధ్య సందును పైభాగంలో ఫీలర్ గేజ్‌తో (సన్నటి సందులు కొలిచే పల్చటి రేకులతో) కొలుస్తాను. ఏ బ్రేసూ లేనప్పుడు సందులో తేడా 1.4 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ తర్వాత ఏది బిగించినా అదే మూల, అదే జాకీ, అదే కొలత.

స్ట్రట్ బార్ వేశాక కూడా 1.4 వచ్చింది. బానెట్ ఎత్తితే మెరుస్తూ కనిపించేది అదొక్కటే, అందుకే అందరం ముందు దాన్నే కొంటాం. అయితే అది ఏ కారుకి పనిచేస్తుందో కారు సస్పెన్షన్‌ని బట్టి ఉంటుంది. మెక్‌ఫెర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకూ ఉన్న స్తంభమే చక్రాన్ని పైన పట్టి ఉంచే సస్పెన్షన్) ఉన్న కార్లలో, ఉదాహరణకు టొయోటా 86 ముందు భాగంలో, మలుపులో టైరు మీద పడే పక్కబలంలో కొంత స్ట్రట్ టవర్ పైకి చేరుతుంది. అక్కడ రెండు టవర్లను కలిపితే అర్థముంది. ఎంఎక్స్-5కి నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్మ్‌లు పట్టుకుంటాయి. పై ఆర్మ్, కింది ఆర్మ్ రెండూ సబ్‌ఫ్రేమ్‌కే (బాడీ కింద బిగించిన విడి చట్రానికే) బిగిసి ఉంటాయి. పక్కబలం అటే పోతుంది. టవర్‌కి వచ్చేది ప్రధానంగా స్ప్రింగూ షాకూ పైకి తోసే బలం మాత్రమే. పైగా నేను కొన్నది రెండు చివర్లా ఒక్కో బోల్టు మీద తిరిగే రకం. కీలు మీద తిరిగే కడ్డీ మెలికను ఆపలేదు. రెండేళ్లుంచి తీసేశాను. తీసిన మర్నాడు అదే కొండదారిలో నడిపితే తేడా ఏమీ తెలియలేదు.

ఫ్లోర్ బ్రేస్ సంగతి వేరు. ఈ కారు అడుగున పొడవునా రెండు పల్చటి రైల్స్ ఉంటాయి. పాత కార్లలో ఎవరో ఒకరు జాకీ తప్పు చోట పెట్టి వాటిని నొక్కేసి ఉంటారు. నా కారుకీ అలాగే నొక్కుకుపోయి ఉన్నాయి. ఆ రైల్స్‌ని కప్పుతూ గట్టి ఛానెళ్లు, వాటిని కలుపుతూ అడ్డంగా, ఏటవాలుగా ట్యూబులు వేశాక కొలత 0.9కి దిగింది. అద్దంలో వెనక బండి హెడ్‌లైట్లు మొదటిసారి నిలకడగా కనిపించాయి. ఇన్నేళ్లలో కొన్నవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. బిగించేటప్పుడు మాత్రం కారు బరువు చక్రాల మీదే ఉండాలి. రెండు మూలల్లో స్టాండ్ల మీద నిలబెట్టి బిగిస్తే, అప్పటికే కాస్త మెలిపడిన బాడీని ఆ మెలికతోనే లాక్ చేసినట్టవుతుంది. నష్టాలూ ఉన్నాయి. నేలకీ కారుకీ మధ్య ఎడం తగ్గింది, ఎత్తైన స్పీడ్ బ్రేకర్ మీద ఏటవాలుగా ఎక్కించాలి. ఛానెల్‌కీ రైల్‌కీ మధ్య నీళ్లు నిలుస్తాయి. ఏడాదికోసారి విప్పి, శుభ్రం చేసి, వ్యాక్స్ కొట్టకపోతే తుప్పు పట్టేది లోపలే, కంటికి కనపడదు.

తర్వాత రోల్ బార్ వేశాక 0.7 అయింది. అది వేసింది ప్రాణరక్షణకి. బాడీ బిగువు దాంతో పాటు దక్కిన లాభం. తల తగిలే చోట గట్టి ప్యాడింగ్ లేకుండా దాన్ని రోడ్డు మీద వాడకండి.

బాడీ బిగువు ముందు చూసుకోమనడానికి కారణముంది. బాడీ కూడా ఒక స్ప్రింగే. ముందు చక్రాల రోల్ బిగువుకీ (పక్కకి వాలకుండా ఆపే బలానికీ) వెనక చక్రాల రోల్ బిగువుకీ మధ్య అది వరుసగా కూర్చుంటుంది. అది మెత్తగా ఉంటే ముందు యాంటీ రోల్ బార్ మార్చినా ఆ మార్పు పూర్తిగా టైర్లకి చేరదు. బ్రేస్ వేయకముందు బార్ సర్దుబాటు రంధ్రం మార్చితే నాకు తేడా తెలిసేది కాదు, ఇప్పుడు మొదటి మలుపులోనే తెలుస్తుంది.

ఇక కాయిల్‌ఓవర్లు. మొదటి జత చాలా గట్టిది, పైగా కారును 50 మిల్లీమీటర్లు దించాను. చూడ్డానికి బాగుంది. మలుపు మధ్యలో చిన్న గతుకు తగిలితే చాలు, వెనక భాగం పక్కకి ఎగిరేది. సస్పెన్షన్ ప్రయాణం అయిపోయి, షాక్ బంప్ స్టాప్ (ప్రయాణం చివర ఆపే రబ్బరు ముక్క) మీద వాలిపోతోంది. బంప్ స్టాప్ తగిలిన క్షణంలో ఆ చక్రం దగ్గర బిగువు అమాంతం పెరుగుతుంది, గ్రిప్ తెగిపోతుంది. ఆ ఎత్తు వల్ల ఇంకో నష్టం కూడా. దించేకొద్దీ విష్‌బోన్ల కోణం మారి రోల్ సెంటర్ (కారు పక్కకి వాలేటప్పుడు దేని చుట్టూ తిరుగుతుందో ఆ బిందువు) బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి పోతుంది. అంటే దించిన కారులో, అదే స్ప్రింగుతో, పక్కకి వాలడం అనుకున్నంతగా తగ్గదు.

రెండో జత కొనేముందు లెక్క వేసుకున్నాను. స్ప్రింగ్ గట్టిదనాన్ని డబ్బా మీద అంకెతో కాకుండా రైడ్ ఫ్రీక్వెన్సీతో (స్ప్రింగుల మీద కారు సెకనుకి ఎన్నిసార్లు పైకీ కిందికీ ఊగుతుందో దానితో) ఎంచుకోవాలి. ఫ్రీక్వెన్సీని 1.5 హెర్ట్జ్ నుంచి 2కి తేవాలంటే చక్రం దగ్గర గట్టిదనం 1.78 రెట్లు పెరగాలి. మోషన్ రేషియో (చక్రం కదలికలో స్ప్రింగ్ కదిలే వంతు) 0.7 అయితే స్ప్రింగ్ గట్టిదనంలో చక్రానికి అందేది 0.49 వంతే, ఎందుకంటే రేషియోని వర్గం చేయాలి. నేను ముందు చక్రాలకి 1.8 హెర్ట్జ్ దగ్గర ఆగాను, వెనక కాస్త ఎక్కువ పెట్టాను. ఎత్తు 20 మిల్లీమీటర్లు మాత్రమే తగ్గించాను. గతుకుల్లో చక్రం నేలను వదలడం లేదు. ట్రాక్ మీద పాత జత కంటే ఇదే వేగంగా ఉంది, నాకు చేతులు నొప్పి పుట్టని కారు కూడా ఇదే.

యాంటీ రోల్ బార్ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 22 నుంచి 24 మిల్లీమీటర్లకి వెళ్తే రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, గట్టిదనం 40 శాతం పైన పెరుగుతుంది. ముందు లావు బార్ ఉంచాను. వెనకది తీసి ఫ్యాక్టరీ బార్ తిరిగి వేశాను, తడి రోడ్డు మీద లోపలి వెనక చక్రం తేలిపోయి ఖాళీగా తిరిగేది.

పాలీ బుష్‌లు మొదటి ఆరునెలలు అద్భుతం. గ్రీజు ఆరాక ప్రతి మలుపులో కిర్రుమనేవి. మళ్లీ కొత్త రబ్బరు బుష్‌లకే వచ్చాను, కారు సగం కొత్తదైనట్టుంది. రబ్బరు లోపలి స్లీవ్‌కి అతుక్కుని ఉంటుంది కాబట్టి బోల్టుల చివరి బిగింపు కారు తన ఎత్తులో నిలబడి ఉన్నప్పుడే చేయాలి. నా మొదటి మెకానిక్ చక్రాలు వేలాడుతుండగానే బిగించాడు. ఏడాదిలోపే రెండు చిరిగిపోయాయి.

క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వాలిన కోణం; మైనస్ అంటే పైభాగం లోపలికి) ముందు మైనస్ 1.5 డిగ్రీలు, వెనక మైనస్ 1.7, వెనక కొద్దిగా టో-ఇన్ (చక్రాల ముందంచులు లోపలికి తిరిగి ఉండడం). అలైన్‌మెంట్ చేసేటప్పుడు డ్రైవర్ సీట్లో నా బరువు పెట్టించాను.

గత నెల మళ్లీ అదే మూల జాకీతో లేపి సందు కొలిచాను. 0.9 వచ్చింది. అడుగు నుంచి చూస్తే ఫ్లోర్ బ్రేస్ అడ్డ ట్యూబు బోల్టు ఒకటి వదులైంది. టార్క్ రెంచితో బిగించాక 0.7.